షాపు ఉద్యోగుల యూనియన్ నుంచి ముఖ్యమంత్రా? బోడో రామెలో గురించి చెప్పండి

ప్రశ్న (అమీర్‌పేట నుంచి):
బట్టల షాపులో 11 ఏళ్లుగా సేల్స్‌లో ఉన్నాను. పొద్దున పదింటికి నిలబడితే మళ్లీ కూర్చునేది రాత్రి తొమ్మిదిన్నరకే. మేం 8 మందిమి యూనియన్ పెట్టుకుందామనుకుంటే మా సీనియర్ ఒకాయన, "యూనియన్లు ఫ్యాక్టరీవాళ్లకి, షాపువాళ్లకెందుకు?" అన్నారు. ఆ మాట మనసులో ఉండిపోయింది. జర్మనీలో షాపు ఉద్యోగుల సంఘంలో పనిచేసిన రామెలో అనే ఆయన ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారట. నిజమేనా?

జవాబు 1 (బాలానగర్, రిటైర్డ్):
నిజమేనమ్మా. 1956లో పుట్టారు. డిస్లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడంలో ఇబ్బంది) వల్ల చదువు కష్టమైంది. కార్‌స్టాట్ అనే పెద్ద స్టోర్‌లో పని నేర్చుకున్నారు. తర్వాత షాపు, బ్యాంకు, బీమా ఉద్యోగుల సంఘం హెచ్‌బీవీలో ఫుల్‌టైమర్. 1990లో తూర్పు జర్మనీ వైపున్న తురింజియా రాష్ట్రానికి వెళ్లి, 1999 దాకా అక్కడ ఆ సంఘాన్ని నడిపారు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం తురింజియాలోనే బిషోఫెరోడె అనే ఊరి దగ్గర. అక్కడి పొటాష్ గని మూసేస్తామంటే 1993లో కార్మికులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. గనివాళ్ల సంఘం వేరు, ఈయన సంఘం వేరు. అయినా వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. గని ఆ ఏడాది చివరికి మూతపడింది. మా ఫ్యాక్టరీ మూసినప్పుడు 43 రోజులు గేటు ముందు కూర్చున్నాం. వేరే సంఘం నుంచి ఒకే ఒక్కాయన వచ్చేవారు, రోజూ టీ ఫ్లాస్క్ పట్టుకుని. ఆయన మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

జవాబు 2 (ఉప్పల్):
మిగతాది నేను చెప్తాను. 1999లో పీడీఎస్ అనే వామపక్ష పార్టీలో చేరారు, ఆ పార్టీయే తర్వాత డీ లింకె అయింది. నిఘా సంస్థ ఏళ్ల తరబడి ఆయన మీద ఫైలు నడిపితే రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి 2013లో గెలిచారు. 2014 డిసెంబర్ 5న తురింజియా ముఖ్యమంత్రి అయ్యారు, ఆ పార్టీ నుంచి మొదటివారు ఆయనే. 2020లో ఒక నెల పదవి పోయి మళ్లీ వచ్చింది. 2024 డిసెంబర్ దాకా ఉన్నారు.

జవాబు 1 (బాలానగర్):
అమ్మా, రిజిస్ట్రేషన్‌కి కనీసం 7గురు సభ్యులుండాలి, మీలాంటి షాపులో సిబ్బందిలో పదో వంతు కూడా ఉండాలి. మీరు మొత్తం ఎంతమంది?

ప్రశ్న అడిగినవారు:
62 మందిమి సార్. ఆదివారం షాపు మూశాక మా 8 మందిమి కలుస్తున్నాం. మీరు రాగలరా?