వలస పాఠానికి ఫిలిప్పీన్స్ సినిమాలు: ఏవి చూపాలి, ఎలా చూడాలి?

ప్రశ్న (మహబూబ్‌నగర్ అధ్యాపకురాలు):

నేను మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కళాశాలలో సమాజశాస్త్రం బోధిస్తున్నాను. రెండో సంవత్సరం విద్యార్థులకు వలస గురించి పాఠం చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నాకు ఒకే ఇబ్బంది ఎదురవుతోంది. కోయిలకొండ, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది, తల్లిదండ్రులు పుణెకో ముంబయికో పనికి పోతే అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగినవాళ్లే. పాలమూరు కూలీ అన్న మాట నా నోట రాగానే వాళ్లు తల దించుకుంటారు. వాళ్ల ఇంటి సంగతిని పదిమందిలో పెట్టి చర్చించడం నాకు మనస్కరించదు. అలాగని, వాళ్లకు నాకంటే బాగా తెలిసిన విషయాన్ని పుస్తకంలోని నిర్వచనాలతో సరిపెట్టడానికీ మనసు ఒప్పదు.

మా పూర్వ విద్యార్థి ఒకరు ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో వైద్యవిద్య చదువుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు, అక్కడ తాను అద్దెకున్న వీధిలో ఎవరో ఒకరు విదేశంలో పనిచేయని ఇల్లు తనకు కనబడలేదనీ, దాని మీద అక్కడివాళ్లు ఎన్నో ఏళ్లుగా సినిమాలు తీస్తున్నారనీ చెప్పారు. అప్పటి నుంచి నాకు ఒక ఆలోచన వచ్చింది. దూరదేశపు కథ ముందు పెడితే, మా పిల్లలు తమ పేరు ఎత్తకుండానే తమ మాట చెప్పుకోగలరేమో.

రెండు విషయాలు అడుగుతున్నాను. మొదటిది, ఏ సినిమాలతో మొదలుపెట్టాలి? రెండోది, సినిమా చూసి ఒక జాతి సంస్కృతిని, సమస్యలను తెలుసుకోవచ్చునని నమ్మడం ఎంతవరకు సబబు? మన వ్యాపార చిత్రాలు నాలుగు చూసి ఎవరైనా తెలంగాణ పల్లెను అర్థం చేసుకున్నామంటే మనం ఒప్పుకోము కదా.

జవాబు 1 (దేవరకొండ, నర్సు):

మేడమ్, నేను సినిమా విమర్శ చదువుకున్నదాన్ని కాను. రియాద్‌లో ఒక ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో ఆరేళ్లు ముగ్గురు ఫిలిప్పీన్స్ నర్సులతో ఒకే గదిలో ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీరు 'అనాక్' అనే సినిమాతో మొదలుపెట్టండి. ఆ మాటకు బిడ్డ అని అర్థం. 2000 సంవత్సరంలో రోరీ కింటోస్ దర్శకత్వంలో వచ్చింది. తల్లి పాత్ర వేసిన విల్మా సాంటోస్ అక్కడ మహానటి, తర్వాత బటంగాస్ రాష్ట్రానికి గవర్నర్‌గా కూడా పనిచేశారు. హాంకాంగ్‌లో ఇంటిపని చేసి ఏళ్ల తరబడి డబ్బు పంపిన తల్లి ఇక ఉండిపోదామని ఇంటికి వస్తుంది. భర్త అప్పటికే చనిపోయి ఉంటాడు. చిన్నబిడ్డ తల్లిని గుర్తుపట్టదు. పెద్దకూతురు మాత్రం తల్లి మీద కోపాన్ని ఏళ్లుగా దాచిపెట్టుకుని ఉంటుంది.

ఈ సినిమాను మేము ఒక శుక్రవారం రాత్రి గదిలో లాప్‌టాప్‌లో చూశాము. గది మూలన, మంచానికి గోడకు నడుమ, నడుమెత్తు అట్టపెట్టె ఒకటి ఎప్పుడూ ఉండేది. 'బాలిక్‌బయాన్' పెట్టె అంటారు. ఊరికి తిరిగి వచ్చేవారి పెట్టె అన్నమాట. జీతం వచ్చిన ప్రతినెలా అందులోకి సబ్బులు, టవళ్లు, మాంసం డబ్బాలు, చాక్లెట్లు, పిల్లల బూట్లు చేరేవి. బూట్ల లోపల కూడా చోటు వదలకుండా సాక్సులో చుట్టిన షాంపూ సీసాలు పెట్టేవారు. నిండడానికి నాలుగైదు నెలలు పట్టేది. పెట్టె ఊరికి చేరేసరికి ఆ బూట్లు పిల్లల కాళ్లకు పట్టకపోవడం కూడా జరిగేది. ఆ పెట్టె పక్కన కూర్చుని చూస్తే, సినిమాలో తల్లి బహుమతులు పంచే దృశ్యం సంబరంగా కనిపించదు. ఆమె ఒక్కొక్క వస్తువూ ఇచ్చి పిల్లల ముఖాల వంక చూస్తుంది.

సినిమా అయిపోయాక గదిలో పెద్ద వాదన జరిగింది. సిగరెట్టు కాల్చే కూతురితో తల్లి, ఆ సిగరెట్టు కొనడానికి తాను ఎన్ని ప్యాంట్లు ఉతికిందో తలచుకోమనే ఘట్టం ఒకటి ఉంది. ఇద్దరు తల్లి పక్షాన గట్టిగా మాట్లాడారు. మూడో ఆమె మాత్రం కూతురి పక్షాన నిలబడింది. ఆమె తల్లి కువైట్‌లో పనిచేసేదట. పంపిన డబ్బుకు లెక్క చెప్పవచ్చు గానీ, జ్వరం వచ్చిన రాత్రులకు ఎవరు లెక్క చెబుతారని ఆమె అడిగింది. ఇప్పుడు తన కొడుకును ఊళ్లో వదిలి ఆమే రియాద్‌లో ఉంది. మీ తరగతిలో కూడా ఈ రెండు పక్షాలూ లేస్తాయి. ఒకదాన్ని గెలిపించవద్దని మాత్రం నా మనవి.

మరొక మాట. ఆ భాషలో 'ఉతాంగ్ నా లోఓబ్' అనే మాట ఉంది. ఉతాంగ్ అంటే అప్పు, లోఓబ్ అంటే లోపల. మనసు లోపలి అప్పు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో దీన్ని కృతజ్ఞత అని తేల్చేస్తారు గానీ, అది అంత తేలికైన మాట కాదు. తల్లిదండ్రుల రుణం తీర్చుకోలేమని మనం అంటామే, ఆ రుణం. అలాగే పెద్దలతో మాట్లాడేటప్పుడు వాక్యంలో 'పో' అని చేరుస్తారు. సరిగ్గా మన 'అండి' లాంటిది. కోపం వచ్చిన పిల్ల ఆ 'పో' వదిలేస్తే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. సబ్‌టైటిల్ చదివేవారికి అక్కడ ఏమీ జరిగినట్టే ఉండదు. మీ పిల్లలకు ఈ ఒక్క అక్షరం ముందే చెప్పి, చెవులతో వినమనండి.

జవాబు 2 (నల్లగొండ, పాత ఫిల్మ్ సొసైటీ సభ్యుడు):

దేవరకొండ సోదరి రాసినది చదివి చాలా సంతోషించాను. నేను మేడమ్ గారి రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. సినిమా కిటికీ లాంటిదని అంటాము గానీ, ఆ కిటికీ ఎంత తెరవాలో ఎవరు నిర్ణయించారన్నది కూడా చూడాలి. ఫిలిప్పీన్స్ విషయంలో ఈ ప్రశ్న లేకుండా ఒక్క సినిమా కూడా సరిగ్గా అర్థం కాదని నా అభిప్రాయం.

అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1972 సెప్టెంబరులో సైనిక శాసనం విధించారు. ఆయన 1986 ఫిబ్రవరి ప్రజా ఉద్యమంతో దిగిపోయేదాకా అక్కడి సినిమా సెన్సారు నీడలోనే బతికింది. ఆయన భార్య ఇమెల్డా 1975 నుంచి మనీలా మహానగరానికి గవర్నరుగా ఉన్నారు. సత్యం, మంచి, సౌందర్యం అనే నినాదం ఆమెది. మురికివాడ తెర మీద కనబడటం పాలకులకు గిట్టేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే లీనో బ్రోకా 1976లో 'ఇన్సియాంగ్' తీశారు. మనీలాలోని టొండో మురికివాడలో ఒక తల్లి, ఒక కూతురు, వాళ్ల మధ్యకు వచ్చిన ఒక మగవాడు. పందుల కబేళాతో సినిమా మొదలవుతుంది. 1978లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన తొలి ఫిలిప్పీన్స్ చిత్రం ఇదే. ఇష్మాయెల్ బెర్నాల్ 1980లో తీసిన 'మనీలా బై నైట్' పరిస్థితి ఇంకా విచిత్రం. మనీలా అన్న పేరే ఉండకూడదన్నారు. పేరు మార్చి, కత్తిరించి విడుదల చేయవలసి వచ్చింది. ఒక నగరం తన పేరుతో తెర మీదికి రాకూడదనడం కంటే ఆ కాలం గురించి ఎక్కువ చెప్పే విషయం ఏముంటుంది?

అయితే అదే ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ డబ్బుతో 1982లో అదే బెర్నాల్ 'హిమాలా' తీశారు. హిమాలా అంటే మహిమ. కథ రికీ లీ, ప్రధాన పాత్ర నోరా ఆనర్. నల్లగొండ వాళ్లకు ఈ సినిమా పరాయిదిగా అనిపించదని నేను గట్టిగా చెప్పగలను. వానలు లేక ఎండిపోయిన ఊరు. సూర్యగ్రహణం నాడు గుట్ట మీద మేరీమాత కనిపించిందని ఎల్సా అనే అమ్మాయి చెబుతుంది. రోగులు వస్తారు, వాళ్ల వెనుక దుకాణాలు వస్తాయి, ఊరికి డబ్బు వస్తుంది. వానల కోసం రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిరిగి బిందెడు నీళ్లు పోయించుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. బావులు ఎండిన ఏడాది, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిసి కూడా అవే తాగిన ఊళ్లు మావి. నమ్మకం ఎక్కడ నుంచి పుడుతుందో, దాన్ని అమ్ముకునేవాడు ఏ దారిన వస్తాడో ఆ సినిమా చూపించినంత శ్రద్ధగా చూపించినవి నేను తక్కువ చూశాను. నమ్మేవాళ్లను అది ఎక్కడా చిన్నచూపు చూడదు. అందుకే నాకు ప్రాణం.

వలస విషయానికి వస్తే, ప్రజలను విదేశాలకు పంపడం అక్కడ 1974 నాటి కార్మిక స్మృతి నుంచి ప్రభుత్వ విధానమే. ఎవరో ఒక కుటుంబం కష్టం వచ్చి పోవడం ఒకటి, రాజ్యమే పొమ్మనడం మరొకటి. సింగపూర్‌లో ఇంటిపని చేసిన ఫ్లోర్ కాంటెంప్లాసియోన్‌ను హత్యానేరం మీద 1995 మార్చి 17న ఉరితీశారు. ఫిలిప్పీన్స్ అంతా అట్టుడికిపోయింది. ఆ ఏడాదే ఆమె జీవితం నోరా ఆనర్ నటనతో సినిమాగా వచ్చింది, ఆ ఏడాదే వలస కార్మికుల రక్షణకు చట్టమూ వచ్చింది. 'అనాక్' చూపేటప్పుడు ఈ నేపథ్యం పది నిమిషాలైనా చెప్పండి. లేకపోతే తప్పంతా తల్లిదో కూతురిదో అయిపోతుంది.

ఇక బ్రోకా 1975లో తీసిన 'మాయ్‌నిలా: సా మంగా కుకో నంగ్ లివానాగ్' తప్పక చూపించదగినది. పల్లె నుంచి వచ్చిన జాలరి యువకుడు తాను ప్రేమించిన అమ్మాయిని నగరంలో వెతుక్కుంటాడు. చదువు, ఉద్యోగం ఇప్పిస్తామని ఆమెను తీసుకుపోయి ఉంటారు. ఒక్క హెచ్చరిక. ఆమెను బంధించిన వ్యక్తిని చైనా సంతతివాడిగా చూపిన తీరు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అంత గొప్ప దర్శకుడు కూడా, దోపిడీకి పరాయివాడి ముఖం అతికించే అలవాటు నుంచి తప్పించుకోలేకపోయాడు. దాన్ని దాచకుండా తరగతిలో మాట్లాడించండి.

జవాబు 3 (మక్తల్, సైట్ సూపర్‌వైజర్):

నల్లగొండ సార్ చివర చెప్పిన సినిమా గురించే నేను రాయదలిచాను. మేడమ్, 'అనాక్' కంటే ముందు ఇదే చూపించండి. ఇంటిపనికి విమానం ఎక్కి పోవడం మా వైపు పిల్లలకు విన్న సంగతి. ఇటుకలు, సిమెంటు, కంకర అనేవి వాళ్లు పుట్టి పెరిగిన సంగతి.

మా నాయన ఇరవై రెండేళ్లు గుంపు మేస్త్రి కింద పనిచేశాడు. పండుగ ముందు అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర పనిచేయించుకునే పద్ధతి మీకు తెలిసిందే. ఈ సినిమాలో ఆ యువకుడు కట్టడం పనిలో చేరతాడు. జీతం రోజున పట్టీలో ఒక మొత్తం రాసి ఉంటుంది, చేతికి అంతకంటే తక్కువ వస్తుంది. సంతకం మాత్రం రాసిన మొత్తానికే పెట్టాలి. ఇంకోసారి, డబ్బు ఇంకా రాలేదని, ఆగలేనివాళ్లు కోత పెట్టుకుని ఇప్పుడే తీసుకోవచ్చునని ఫోర్‌మన్ అంటాడు. ఆ పద్ధతిని కూలీలు 'తైవాన్' అని పిలుచుకుంటారు. వాళ్లకు రావలసిన డబ్బునే వాళ్లకు వడ్డీకి ఇవ్వడం అది.

ఆ జీతం దృశ్యాన్ని ఫోనులో మా నాయనకు చూపించాను. ఆయనకు ఆ భాష రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలూ చదవలేడు. నేను ఏమీ వివరించలేదు. కుర్రవాడు నోట్లు లెక్కపెట్టుకునే చోట ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని, "పట్టీల ఎంత రాసిండు?" అని అడిగాడు. తర్వాత మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. తాను వేలిముద్ర వేసిన పట్టీల్లో ఏం రాసి ఉండేదో తనకు ఏనాడూ తెలియలేదని ఆ సాయంత్రం చెప్పాడు. ఇరవై రెండేళ్ల పని గురించి ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే వినడం.

ఇప్పుడు నేను సూపర్‌వైజర్‌ను. హాజరు పట్టీ నా చేతిలో ఉంటుంది. ఆ సినిమా చూసినప్పటి నుంచి ప్రతి మనిషికీ అంకె చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు (మహబూబ్‌నగర్ అధ్యాపకురాలు):

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మక్తల్ సోదరుడి మాట ప్రకారం 'మాయ్‌నిలా'తోనే మొదలుపెడతాను, తర్వాత 'అనాక్' చూపిస్తాను. 'హిమాలా'కు వేరే రోజు కేటాయిస్తాను. దాన్ని వలసతో కలపడం సరికాదనిపిస్తోంది. మా పూర్వ విద్యార్థి చెప్పిన మరొక సినిమా 2016లో బ్రియాంటే మెందోసా తీసిన 'మా రోజా'. దాన్ని కూడా చేర్చవచ్చా?

జవాబు 2 (నల్లగొండ):

మీరు ముందుగా ఒంటరిగా చూడండి. వీధిలో చిల్లర దుకాణం నడుపుతూ చాటుగా మత్తుమందు అమ్మే తల్లిని పోలీసులు పట్టుకుపోతారు. విడిపించడానికి లంచం అడుగుతారు. పిల్లలు రాత్రంతా ఊరు తిరిగి ఆ డబ్బు పోగుచేస్తారు. జాక్లిన్ హోసేకు కాన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. చివర ఆమె వీధిలో నిలబడి, పుల్లకు గుచ్చిన చేపముద్దలు తింటూ, దుకాణం సర్దుకుంటున్న మరో కుటుంబాన్ని చూస్తుంది. ఆ ఒక్క దృశ్యానికే బహుమతి ఇవ్వవచ్చు. కానీ ఈ కోవ చిత్రాల మీద, పేదరికాన్ని విదేశీ ఉత్సవాలకు సరుకు చేస్తున్నారన్న నింద ఆ దేశంలోనే బలంగా ఉంది. నేను ఆ నిందతో పూర్తిగా ఏకీభవించను గానీ, రెండు సినిమాలు చూసి మాట్లాడటం అలవాటయ్యాక మూడోదిగా పెడితేనే పిల్లలు దాన్ని తూచగలుగుతారు.

జవాబు 1 (దేవరకొండ):

మేడమ్, సబ్‌టైటిళ్లు వేగంగా పోతాయి. మొదటి పావుగంట అయ్యాక ఒకసారి ఆపి, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుగులో చెప్పించండి. 'ఆతె' అంటే అక్క, 'కూయా' అంటే అన్న, 'లోలా' అంటే అమ్మమ్మైనా నాయనమ్మైనా. ఈ మూడు పిలుపులు తెలిస్తే సగం కథ దానంతట అదే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు (మహబూబ్‌నగర్ అధ్యాపకురాలు):

అలాగే చేస్తాను. మక్తల్ సోదరుడికి ఒక విన్నపం. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి ప్రదర్శన పెడదామనుకుంటున్నాను. మీ నాయన గారు వీలుంటే ఆ రోజు వచ్చి మా పిల్లలతో కూర్చోగలరా? ఆయనకు ఇష్టం లేకపోతే దయచేసి బలవంతపెట్టవద్దు.

జవాబు 3 (మక్తల్):

నాయనను అడిగాను మేడమ్, వస్తానన్నాడు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చూశానని, ఈసారి మొత్తం చూస్తానని అన్నాడు. తనను లేపి నిలబెట్టి మాట్లాడమనవద్దన్నాడు. పిల్లలు తమంతట తాము ఏదైనా అడిగితే మాత్రం చెబుతానన్నాడు.