అభయారణ్యం అంచున బతుకుతెరువు: ఎకో టూరిజమా, పామాయిల్ తోటలా?

నాగలి:
టూరిజాన్ని నమ్ముకోమనేవాళ్లు 2020ని గుర్తు తెచ్చుకోండి. మార్చిలో కోవిడ్ వల్ల ఆఫ్రికాలోని రువాండా గొరిల్లాల పార్కులు మూసేసింది. గైడ్లు, సామాన్లు మోసేవాళ్లు పని లేక కూర్చున్నారు. చెట్టు మాత్రం కాపు ఆపలేదు.

రేలపూలు:
అదే రువాండా 2017లో గొరిల్లాలను చూసే పర్మిట్ ధరను 750 నుంచి 1500 డాలర్లు చేసింది. పార్కు ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్ల వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచింది. ఆ డబ్బుతో బడులు, నీళ్ల ట్యాంకులు కట్టారు. పామాయిల్ తోటలో ఏ గొరిల్లా బతుకుతుంది?

గట్టుమీద:
పదేనా? మిగతా తొంభై ఎవరికి?

నాగలి:
నేను అడిగింది 2020 గురించి.

రేలపూలు:
సరే, 2022 చూడండి. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. రైతు దగ్గర గెల ధర పడిపోయింది. కోసిన గెల ఒకట్రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పోతుంది. దాచుకుని ధర వచ్చాక అమ్ముకునే పంట కాదది. మిల్లు చెప్పిందే రేటు.

నాగలి:
అది నెలలోపే ఎత్తేశారు. దానికీ 2020కీ పోలికా?

అడవిదారి:
మధ్య అమెరికాలోని కోస్టారికా 1997 నుంచి అడవిని నరక్కుండా ఉంచిన భూయజమానికి నేరుగా డబ్బిస్తోంది. ఇంధన పన్నులోంచి. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

నాగలి:
మా నాన్న వేసిన తోట కాపుకొచ్చే ఏడు ఏనుగులు పడి మొవ్వులు పీకి తిన్నాయి. పరిహారం కోసం తిరిగితే కాగితాలు సరిగా లేవన్నారు. ఆ ఏనుగుల్ని చూడ్డానికొచ్చినవాళ్ల డబ్బు రిసార్టుకు పోయింది. మాకు పైసా రాలేదు. ఇంకా టూరిజం మంచిదంటే ఒళ్లు మండదా?

రేలపూలు:
నేనూ గైడునే. 2020లో నన్నూ మానిపించారు, ఆ నెల జీతం కూడా ఎగ్గొట్టారు. అయినా టూరిజమే అంటున్నానంటే, మాకు సెంటు భూమి లేదు కాబట్టి. తోట లాభం నేల ఉన్నవాడికి. మాకు దక్కేది గెలలు కోసిన కూలి.

నాగలి:
ఆ మాట మొదటే అనాల్సింది. నాకు పట్టా ఉంది కాబట్టే అధికారి ఎదురుగా నిలబడి అడగగలుగుతున్నాను. ఆ నేల వదిలేసి ఇంకొకరి దగ్గర జీతానికి చేరమంటే చేరను.

రేలపూలు:
వదలమని ఎవరన్నారు? పార్కు గేటు రుసుములో నేల లేనివాళ్లకు వాటా రాసివ్వమంటున్నాను. మీ ఏనుగు నష్టం కూడా అందులోంచే కట్టాలి. ఒప్పుకుంటారా?

నాగలి:
నష్టం మాట ఒప్పుకుంటాను. వాటాలు తేల్చే కమిటీలో ఎవరుంటారో చెప్పండి, మిగతాది అప్పుడు.