ఊళ్లోని దుకాణాలన్నింటిలో ఒకే ధర ఎలా? 1940–60ల అమెరికా సరుకుల ధరలపై చర్చ

కొలంబస్ కోడలు:
మా లైబ్రరీలో 1949 నాటి దినపత్రికల మైక్రోఫిల్మ్ రీళ్లు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఒకే వారంలో మూడు దుకాణాలు వేసుకున్న ప్రకటనల్లో ఒక కంపెనీ ఇస్త్రీ పెట్టె ధర సెంటు తేడా లేకుండా ఒకేలా ఉంది. అదే పేజీలో గుడ్లు, బంగాళాదుంపల ధరలు మాత్రం దుకాణానికొక తీరుగా ఉన్నాయి. వ్యాపారులు కూడబలుక్కున్నారా, లేక మరేదైనా కారణం ఉందా?

పాత చట్టాలు:
ఆ పనిని చట్టమే చేసిపెట్టిందండీ. 1931లో కాలిఫోర్నియా తెచ్చిన ‘ఫెయిర్ ట్రేడ్’ చట్టం వంటివాటికి 1937లో మిల్లర్–టైడింగ్స్ చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం అండ దొరికింది. టెక్సాస్, మిస్సోరీ, వెర్మాంట్ మినహా మిగిలిన రాష్ట్రాలన్నీ 1941 నాటికి ఆ దారి పట్టాయి. తయారీదారు ఆ రాష్ట్రంలో ఏ ఒక్క దుకాణదారుతోనైనా కనీస ధరపై ఒప్పందం రాయించుకుంటే చాలు, సంతకం చేయనివారు సైతం ఆ ధరకు కట్టుబడవలసిందే. మన ఎమ్మార్పీ ‘ఇంతకు మించి అమ్మరాదు’ అంటుంది, ఇది ‘ఇంతకు తగ్గించి అమ్మరాదు’ అనేది. పెద్ద దుకాణాల పోటీకి భయపడిన చిన్న మందుల దుకాణాలవారు దీనికోసం పట్టుబట్టారు గాని, భారం పడింది మాత్రం కొనేవారి మీదే అని నా అభిప్రాయం.

న్యూ ఆర్లీన్స్‌లో ష్వెగ్‌మన్ సోదరులు విస్కీని తగ్గించి అమ్మి వ్యాజ్యంలో చిక్కుకున్నారు. సంతకం చేయనివారిని అలా కట్టిపడేయడానికి ఫెడరల్ చట్టం వీలివ్వదని 1951 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. వెంటనే న్యూయార్క్‌లో మేసీస్, గింబెల్స్ అనే పెద్ద దుకాణాలు పోటాపోటీగా ధరలు తగ్గించాయి. ఆ సంబరం ఎంతోకాలం సాగలేదు, 1952 జులైలో మెక్‌గైర్ చట్టం పాత కట్టుబాటును తిరిగి నిలబెట్టింది.

పెట్టెలో పాతవి:
తిండి సరుకుల కథ వేరు. ఒక ఎస్టేట్ సేల్‌లో (పోయినవారి ఇంటి సామాను అమ్మకంలో) నాకు రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషన్ పుస్తకాలు దొరికాయి. పసిపిల్లల పేరిట కూడా పుస్తకం ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. పంచదారకు 1942 మేలోనే రేషన్ మొదలైంది. ఆ తరువాత మాంసానికి ఎర్ర పాయింట్లు, డబ్బాల్లో నిల్వచేసిన కూరలకు నీలి పాయింట్లు వచ్చాయి. పాయింట్ల చిల్లర ఇవ్వడానికి 1944లో చిన్న బిళ్లలు కూడా తెచ్చారు. అయితే ఇది మన చౌక ధరల దుకాణం వంటిది కాదు. పాయింట్లు ఇస్తే కొనే హక్కు దక్కేదే తప్ప ధర తగ్గేది కాదు. చాలా సరుకుల ధరలకు 1942 మార్చిలో ఏ దుకాణానికి ఆ దుకాణం వసూలు చేసిన గరిష్ఠ ధరనే హద్దుగా పెట్టారు.

1946 జూన్ 30తో ఆ నియంత్రణ గడువు తీరగానే ధరలు భగ్గుమన్నాయి. తరువాత మాంసంపై మళ్లీ నియంత్రణ పెడితే పశువుల పెంపకందార్లు సరుకును బజారుకు పంపలేదు, కసాయి దుకాణాలు ఖాళీ అయ్యాయి. చివరకు అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమన్ మాంసంపై నియంత్రణ ఎత్తివేశారు.

డెట్రాయిట్ బాబాయ్:
మా పొరుగింటి పెద్దావిడ సొరుగులో సగం నిండిన గ్రీన్ స్టాంపుల పుస్తకం ఇప్పటికీ ఉంది. సరుకు కొన్నవారికి దుకాణాలు ఇచ్చిన స్టాంపులివి, వీటితో పుస్తకం నింపి ఇస్తే బదులుగా వస్తువులు దక్కేవి. పది సెంట్ల కొనుగోలుకు ఒక స్టాంపు, పుస్తకానికి 1,200 స్టాంపులు, అంటే 120 డాలర్ల సరుకు కొంటే గాని ఒక పుస్తకం నిండదు. కాబట్టి ప్రకటనలోని ధర ఒక్కటే చూసి ఏ దుకాణం చౌకో చెప్పడం కష్టం.

కొలంబస్ కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ధరను కూలితో కలిపి చూస్తే చిత్రం మారుతోంది. 1950లో డజను గుడ్లు సుమారు 60 సెంట్లు, కనీస వేతనం గంటకు 75 సెంట్లు, అంటే 48 నిమిషాల పని. 1960లో గుడ్లు 57 సెంట్లకు దిగాయి, వేతనం డాలరుకు చేరింది, పని 34 నిమిషాలకు తగ్గింది.

పాత చట్టాలు:
ఒక్క సవరణ. 1961 దాకా చిల్లర దుకాణాల సిబ్బందిలో అత్యధికులకు ఆ కనీస వేతనం వర్తించలేదు. ఆ గుడ్లు అమ్మిన అమ్మాయికి మీ లెక్క సరిపోకపోవచ్చు.

కొలంబస్ కోడలు:
నిజమే, అది నాకు తట్టలేదు. 1951 జూన్ నుంచి 1952 జులై దాకా రీళ్లు తీయించమని లైబ్రరీలో అడిగాను. ఆ ఇస్త్రీ పెట్టె ధర మా ఊళ్లో కూడా దిగిందో లేదో చూసి ఇక్కడ రాస్తాను.