టెక్సాస్‌లో జర్నీమన్ ప్లంబర్ సొంతంగా పని ఒప్పుకోవచ్చా?

టెక్సాస్‌లో ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి. మా గ్యాస్ వాటర్ హీటర్ మార్చాలి, తెలిసినవాళ్లు పంపిన ప్లంబర్ వచ్చి చూసి, తనకి జర్నీమన్ లైసెన్స్ (మాస్టర్ ప్లంబర్ కంటే కింది స్థాయిది) ఉంది కాబట్టి సిటీ పర్మిట్ అక్కర్లేదు, క్యాష్ ఇస్తే తగ్గిస్తా అంటున్నాడు. స్టేట్ ప్లంబింగ్ బోర్డు సైట్‌లో చూశాను, లైసెన్స్ నిజమే. కానీ నేను చదివినదాన్నిబట్టి 8,000 గంటల అనుభవంతో పరీక్ష పాసైనా జర్నీమన్ ఒక రెస్పాన్సిబుల్ మాస్టర్ ప్లంబర్ కిందే పనిచేయాలి, కస్టమర్‌తో ఒప్పందం, ఇన్సూరెన్స్ అన్నీ ఆ మాస్టర్ పేరు మీదే ఉండాలి. అయినా లైసెన్స్‌కీ పర్మిట్‌కీ సంబంధమేంటో! సొంతింట్లో మనమే చేసుకుంటే లైసెన్స్ అడగరట గానీ గ్యాస్‌తో ఆ సాహసం నావల్ల కాదు. పర్మిట్ లేకుండా చేయించుకున్నవాళ్లకి ఇల్లు అమ్మేటప్పుడో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కో ఇబ్బంది వచ్చిందా? పని అయ్యాక పర్మిట్ తీసుకోవడం కుదురుతుందా? శనివారం వస్తానన్నాడు, ఈలోపే చెప్పండి ప్లీజ్.