బైక్‌లో డీజిల్ పోస్తే ఖర్చు ఎవరిది?

దేవరకొండ రోడ్డు:
మొన్న మా బావమరిది నల్గొండ దాటాక ఒక బంకులో 300 రూపాయలకు పోయించుకున్నాడు. బండి మీదే కూర్చుని ఫోన్‌లో పైసలు కొట్టి, బిల్లు తీసుకుని బయలుదేరాడు. కిలోమీటరు కూడా పోలేదు, తెల్లటి పొగ వచ్చి బండి ఆగింది. మూత తీసి వాసన చూస్తే డీజిల్! నూకుకుంటూ వెనక్కి పోతే "పెట్రోల్ అని మీరు చెప్పలేదు, చూసుకోవాల్సింది మీరే" అన్నారట. షెడ్డులో 1,400 అయింది. ఆ ఖర్చు మొత్తం బంకే పెట్టుకోవాలని నేనంటాను. ఒకప్పుడు ఎన్‌ఫీల్డ్ వాళ్లు డీజిల్ బుల్లెట్ అమ్మారు, అది ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు బైక్‌కు పెట్రోల్ కాక ఇంకేం పోస్తారు? మీరేమంటారు?

పాలమూరు బండి:
అన్నా, సగం తప్పు మీ బావమరిదిదే. బంకులో బండి దిగే అలవాటే మనకు లేదు. కింద ఇంజిన్ కాగి ఉంటుంది, ట్యాంకు కాళ్ల మధ్య ఉంటుంది, అట్లనే కూర్చుని పోయించుకుంటాం. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, కిందికే జారుతుంది. మంట లేస్తే కూర్చున్న మనిషి ఎటు దూకుతాడు? దిగి పక్కన నిలబడితే ఏ పైపు ఎత్తుతున్నారో కనబడుతుంది, మీటర్ సున్నా మీద ఉందో లేదో కూడా తెలుస్తుంది. "పెట్రోల్, 300" అని నోటితో చెప్పడం కూడా మన పనే.

సూర్యాపేట వాసి:
దిగడం మంచిదే, కాదనను. కానీ దిగలేదు కాబట్టి డీజిల్ ఖర్చు నువ్వే భరించు అంటే ఎట్లా? మందుల షాపులో చీటీ చూపిస్తే వేరే మాత్ర ఇచ్చి, నువ్వు చూసుకోలేదు అంటే ఊరుకుంటామా? పోయడం వాళ్ల వృత్తి. కొన్నవాడి పరధ్యానం, అమ్మినవాడి పరధ్యానం ఒకే తక్కెడలో పెట్టొద్దు.

జడ్చర్ల మెకానిక్:
ఖర్చు ఎవరిదో తర్వాత తేల్చుకోండి, ముందు ఖర్చు పెరగకుండా చూసుకోండి. నా షెడ్డుకు ఇట్లాంటి బండ్లు వస్తూనే ఉంటాయి. బైక్ ట్యాంకు నోరు పెద్దది, ఏ నాజిల్ అయినా దూరుతుంది. పైపుల్లో పాత పెట్రోల్ మిగిలి ఉంటుంది కాబట్టి బండి కొంతదూరం బాగానే పోతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఆగాక కిక్కు మీద కిక్కు కొట్టడం, సెల్ఫ్ నొక్కుతూ కూర్చోవడం అసలైన నష్టం. కాలని డీజిల్ సిలిండర్‌లోంచి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. పాత కార్బొరేటర్ బండి అయితే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ విప్పి కడిగి, ప్లగ్ తుడిస్తే చాలావరకు సరిపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్‌6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఇంజెక్టరే. తాళం ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు తిరిగి డీజిల్‌ను ముందుకు తోసేస్తుంది. కాబట్టి బంకులోనే తేడా తెలిస్తే తాళం ముట్టుకోవద్దు, అక్కడే ట్యాంకు ఖాళీ చేయించండి. పైన పెట్రోల్ కలిపితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. ట్యాంకును పెట్రోల్‌తోనే కడగాలి, నీళ్లు పోయొద్దు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది.

చిట్యాల వైపు బంకులో పనిచేస్తా:
ఆ 1,400 ఓనర్ జేబులోంచి పోతుందని అనుకుంటున్నారా? పోసిన పిల్లగాడి జీతంలో కోస్తారు. పండగ రోజుల్లో విజయవాడ హైవే మీద రద్దీ ఎట్లుంటుందో మీకు తెలుసు. లారీకి డీజిల్ పోసిన చేత్తోనే మరుక్షణం బైక్‌కు పోయాలి. మీ తప్పులు కూడా వినండి. నాజిల్ దానంతట అది ఆగినా "ఇంకొంచెం, మెడదాకా" అంటారు. ఎండలో పెట్రోల్ పెరుగుతుంది, లీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు ఒక మిల్లీలీటరు. పది లీటర్ల ట్యాంకు మే నెల ఎండలో పది డిగ్రీలు వేడెక్కితే వంద మిల్లీలీటర్లు ఎటు పోవాలి? కారిందంటే మళ్లీ మా మీదే అరుస్తారు. మొత్తం మామీద వేయడం న్యాయం కాదు.

మిర్యాలగూడ అక్క:
నాది పాత స్కూటర్, మూత సీటు కిందే. దిగక తప్పదు. దిగితే అన్నీ సరిగ్గా జరుగుతాయన్న నమ్మకం నాకు లేదు. మూత పక్కన పెట్టి, అట్లనే సీటు మూసేసి వెళ్లిపోయేవాళ్లను చూస్తూనే ఉన్నా. ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో పర్సు తీస్తూ, వెనక నుంచి హారన్లు మోగుతుంటే మీటర్ మీద చూపు ఎట్లా నిలుస్తుంది? హారన్ కొట్టే తమ్ముళ్లు అర నిమిషం ఆగండి, ఈ తప్పుల్లో చాలావరకు జరగవు.

నల్గొండ కోర్టు పని:
చట్టం మాట చెప్తా. వినియోగదారుల చట్టం 2019 ప్రకారం ఇది సేవలో లోపమని వాదించవచ్చు. ఎదుటివాళ్లు మీ అజాగ్రత్త ఎత్తుతారు, దాన్నిబట్టి పరిహారం తగ్గినా తగ్గవచ్చు. అయినా బిల్లు మీద డీజిల్ అని ఉంటే మీ చేతిలో బలమైన సాక్ష్యం ఉన్నట్టే. షెడ్డు రసీదు కూడా జత చేయండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఫిర్యాదు బంకు యజమాని పేరు మీదే పెట్టండి, పోసిన అబ్బాయి మీద కాదు. పనివాడి పొరపాటుకు బయటివాళ్లకు జవాబు చెప్పాల్సింది యజమానే.

దేవరకొండ రోడ్డు:
బిల్లు ఉంది, ఇప్పుడే చూశాను, డీజిల్ అనే ఉంది. చిట్యాల తమ్మీ, నీ మాట నాకు గట్టిగా తగిలింది. రేపు బంకుకు పోయి నేరుగా ఓనర్‌తోనే మాట్లాడతా. పైసలు ఆయనే ఇవ్వాలని, పిల్లగాడి జీతంలో కోస్తే మాకు ఆ పైసలే వద్దని చెప్తా. పాలమూరు తమ్ముడూ, బండి దిగాలన్న నీ మాట బావమరిదికి చెప్పాను. కానీ సగం ఖర్చు అతనిదే అన్న లెక్క మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను.