502 బ్యాడ్ గేట్‌వే, జాంగో + ఇంజిన్‌ఎక్స్. రాత్రి నుంచి తల పగిలిపోతోంది, ఎవరైనా చూడండి

ఉండి కుర్రోడు
అన్నలూ, కాస్త సాయం చేయండి. మా మావయ్య గారి రొయ్యల చెరువుల లెక్కల కోసం జాంగోలో (పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే సాధనం) చిన్న యాప్ రాశాను. ఏ చెరువుకి ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉంది, అన్నీ గట్టు మీద కుర్రాళ్లు ఫోన్లోనే కొట్టేస్తారు. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. సర్వర్ తీసుకుని ఎక్కిస్తే 502. వీడియోలో చెప్పింది చెప్పినట్టు చేశాను. సర్వర్ నడుస్తోంది, ఎర్రర్ ఏమీ లేదు. రీస్టార్ట్ చేశా, రీబూట్ చేశా, మొత్తం తుడిచేసి మళ్లీ మొదట్నుంచి చేశా. అదే 502. ఇదే కాన్ఫిగ్ పాలకొల్లులో మా ఫ్రెండ్ సర్వర్‌లో శుభ్రంగా నడుస్తోంది, అది చూస్తే ఇంకా మండుతోంది. రేపు సీడ్ (రొయ్య పిల్లలు) వదులుతున్నారు. మొదటి రోజు నుంచే లెక్క యాప్‌లో ఉండాలని మావయ్య పట్టు. చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రి డ్యూటీ
లాగ్ పెట్టు.

తణుకు మాస్టారు
బాబూ, సర్వర్ నడుస్తోంది అన్నావు. ఏ సర్వర్? నువ్వు అద్దెకు తీసుకున్న మిషనా, బ్రౌజర్ అడిగేది ముందుగా అందుకునే ఇంజిన్‌ఎక్సా, దాని వెనక నీ జాంగో కోడ్‌ని నడిపే గునికార్నా? మూడింటినీ మీరు సర్వర్ అనే అంటారు. 502 వచ్చిందంటే ఇంజిన్‌ఎక్స్ బతికే ఉందని అర్థం, ఆ పేజీ ఇచ్చిందే అది. దాని వెనకున్న వాడితో దానికి మాట కలవలేదు. అంతవరకే అది చెబుతుంది.

ఉండి కుర్రోడు
అన్నీ నడుస్తున్నాయండి మాస్టారూ. స్టేటస్‌లో రెండూ పచ్చగా యాక్టివ్ అని చూపిస్తున్నాయి. రన్‌సర్వర్ పెట్టి 8000 పోర్టులో తెరిస్తే సైట్ వస్తోంది కూడా. 80లోనే 502.

తణుకు మాస్టారు
రన్‌సర్వరా! అది ఇంట్లో రాసుకునేటప్పుడు చూసుకోవడానికి. బయటికి పెట్టే చోట వాడొద్దని జాంగో డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా ఉంది. పైథాన్ యాప్‌కీ వెబ్ సర్వర్‌కీ మధ్య మాట ఎలా నడవాలో 2003లోనే పెప్ 333 అనే పైథాన్ ప్రతిపాదన పత్రంలో రాశారు, పైథాన్ 3 వచ్చాక 2010లో దాన్ని పెప్ 3333గా సవరించారు. దాన్నే డబ్ల్యూఎస్‌జీఐ అంటాం. గునికార్న్ చేసే పని అదే. ఇది అర్థం చేసుకోకుండా వీడియో చూసి కాపీ కొడితే ఇలాగే ఉంటుంది. ఇంకోటి, డీబగ్ ట్రూ అని వదిలేశావా? వదిలేస్తే ఎక్కడ ఎర్రర్ వచ్చినా నీ కోడూ, సెట్టింగులూ ఊరందరికీ కనిపిస్తాయి.

కోనసీమ కోడర్
మాస్టారూ, చిన్న సవరణ. ఇక్కడ ఇంజిన్‌ఎక్స్‌ది రివర్స్ ప్రాక్సీ పాత్ర, అంటే వచ్చినదాన్ని వెనకున్న యాప్‌కి చేరవేసే మధ్యవర్తి. దాన్ని సర్వర్ అంటే కొత్తవాళ్లు ఇంకా తికమకపడతారు.

తణుకు మాస్టారు
సీఎస్ఎస్, బొమ్మలు నేరుగా ఇచ్చేది అదే కదండీ. మరి సర్వర్ కాకపోతే ఏంటి?

కోనసీమ కోడర్
ఆయ్, ఇచ్చినంత మాత్రాన...

రాత్రి డ్యూటీ
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. తమ్ముడూ, స్టేటస్ పచ్చగా ఉంటే సరిపోదు. వార్ కింద లాగ్, అందులో ఇంజిన్‌ఎక్స్, అందులో ఎర్రర్ లాగ్. సైట్ ఒకసారి తెరిచి చివరి లైను చూడు. మధ్యలో ఒక నంబర్ ఉంటుంది. 2 అయితే ఇంజిన్‌ఎక్స్, గునికార్న్ మాట్లాడుకునే సాకెట్ ఫైలే అక్కడ లేదు. 111 అయితే అడ్రసు ఉంది, వినేవాడు లేడు. 13 అయితే పర్మిషన్.

ఉండి కుర్రోడు
ఇక్కడ తెలుగు లిపే అన్నారు కాబట్టి ఎర్రర్ కూడా తెలుగులోనే కొడుతున్నా, నవ్వకండి: "కనెక్ట్ టు యూనిక్స్, స్లాష్ హోమ్ స్లాష్ రొయ్యలు స్లాష్ యాప్ డాట్ సాక్, ఫెయిల్డ్, 13 పర్మిషన్ డినైడ్, వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్".

గురూజీ 99
సీహెచ్‌మోడ్ 777 కొట్టెయ్ బ్రో. హోమ్ మొత్తానికి. ఐపోద్ది.

కోనసీమ కోడర్
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయకు. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. హోమ్ ఫోల్డర్‌లో ఎవరైనా రాయొచ్చు అన్నావంటే, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ నీ కీని నమ్మడం మానేస్తుంది. స్ట్రిక్ట్‌మోడ్స్ అని ఒక సెట్టింగ్, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. 502 పోతుందేమో గానీ నువ్వే లోపలికి వెళ్లలేవు.

గురూజీ 99
నాకెప్పుడూ అలా కాలేదు.

కోనసీమ కోడర్
పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంటావేమో. అది ఇంకో సమస్య.

రాత్రి డ్యూటీ
సర్వర్‌లో ఉబుంటు ఏ వెర్షన్?

ఉండి కుర్రోడు
24.04. అది ముఖ్యమా అన్నా? వీడియోలో 18.04 వాడారు, స్టెప్పులన్నీ అవే కదా అని.

రాత్రి డ్యూటీ
మీ ఫ్రెండ్‌ది?

ఉండి కుర్రోడు
వాడూ 24.04. మొదట 20.04తో తీసుకుని అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చాడు.

రాత్రి డ్యూటీ
దొరికింది. కోనసీమ, నువ్వు చెప్పు. నాకు షిఫ్ట్ అయిపోతోంది.

కోనసీమ కోడర్
ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ ఫోల్డర్ 750తో వస్తుంది. అంతకుముందు 755. అంటే పాత వాటిలో ఎవరైనా లోపలికి తొంగి చూడొచ్చు, కొత్త వాటిలో యజమాని, అతని గ్రూపు తప్ప ఇంకెవరూ అడుగు పెట్టలేరు. ఇంజిన్‌ఎక్స్ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అనే యూజర్‌తో. నీ సాకెట్‌కి పర్మిషన్ ఎంత ఇచ్చినా, దాని దాకా వెళ్లే దారిలో ప్రతి ఫోల్డర్‌లోనూ దాటే హక్కు ఉండాలి. వీధి గేటుకి తాళం వేసి లోపల గది తలుపులు బార్లా తీసిపెడితే చుట్టం ఎలా వస్తాడు? మీ ఫ్రెండ్‌ది పాత హోమ్, అప్‌గ్రేడ్ చేసినా దాని పర్మిషన్ మారదు, అందుకే ఒకే కాన్ఫిగ్ అక్కడ నడిచి ఇక్కడ నడవలేదు. నేమ్‌ఐ కమాండ్‌కి హైఫన్ ఎల్ పెట్టి సాకెట్ పాత్ ఇవ్వు, ఏ మెట్టు దగ్గర ఆగిందో వరసగా చూపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: సాకెట్‌ని హోమ్‌లోంచి తీసెయ్. గునికార్న్ సర్వీస్ ఫైల్లో, సర్వీస్ అనే భాగం కింద రన్‌టైమ్‌డైరెక్టరీ అని ఒక లైను పెట్టి, రొయ్యలు అని పేరివ్వు. సర్వీస్ లేచినప్పుడల్లా, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీయే రన్ ఫోల్డర్ కింద ఆ పేరుతో ఫోల్డర్ చేసిపెడుతుంది, ఆగినప్పుడు తీసేస్తుంది. గునికార్న్ బైండ్‌లోనూ, ఇంజిన్‌ఎక్స్ ప్రాక్సీ పాస్‌లోనూ రెండు చోట్లా ఆ కొత్త పాత్ రాయి. సర్వీస్ ఫైలు మార్చాక డెమన్ రీలోడ్ మర్చిపోకు. లేదంటే సాకెట్ గొడవే లేకుండా 127.0.0.1:8000 (ఆ మిషన్ లోపలి అడ్రసు) మీద పెట్టుకో, ఒక్క యాప్‌కి అది చాలు. స్టాటిక్ ఫైళ్లు (సీఎస్ఎస్, బొమ్మలు) కూడా హోమ్‌లోనే ఉండి ఉంటాయి, వాటికి 403, అంటే అనుమతి లేదని వస్తుంది. వాటిని ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ గమ్యాన్ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి మార్చు.

గురూజీ 99
టెంప్‌లో పెడితే ఇంత గోల ఉండదు.

కోనసీమ కోడర్
సర్వీస్ ఫైల్లో ప్రైవేట్‌టెంప్ ట్రూ అని ఉంటే గునికార్న్ చూసే టెంప్ వేరు, ఇంజిన్‌ఎక్స్ చూసే టెంప్ వేరు. అప్పుడు 13 పోయి 2 వస్తుంది. మళ్లీ ఇక్కడికే వస్తాడు.

పెనుగొండ రైతుబిడ్డ
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. యాప్‌లో ఏరేటర్ గంటలు కూడా లెక్క వస్తాయా? మాకు కరెంటు పోతే జనరేటర్ డీజిల్ లెక్కే తేలట్లేదు. రెడీ అయ్యాక మాకూ ఇస్తారా తమ్ముడూ?

ఉండి కుర్రోడు
ముందు నాకు నడవనివ్వండి అన్నా 🙏

తణుకు మాస్టారు
డేటాబేస్ ఎస్‌క్యూఎల్ లైటా, అంటే మొత్తం ఒకే ఫైల్లో ఉండేదా? అయితే ఆ ఫైలుకే కాదు, అది ఉన్న ఫోల్డర్‌కి కూడా గునికార్న్ యూజర్‌కి రాసే హక్కు ఉండాలి. లేకపోతే ఎవరైనా మేత ఎంట్రీ కొట్టగానే రీడ్‌ఓన్లీ అంటుంది. డీబగ్ సంగతి అడిగాను, ఇంకా చెప్పలేదు.

ఉండి కుర్రోడు
రన్‌కి మార్చా, 502 పోయింది!! సీఎస్ఎస్ కూడా వచ్చింది. థాంక్సండి అందరికీ. కానీ లాగిన్ నొక్కితే 403, సీఎస్‌ఆర్‌ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అంటోంది. ఇదేంటి మళ్లీ.

కోనసీమ కోడర్
హెచ్‌టీటీపీఎస్ పెట్టావా?

ఉండి కుర్రోడు
ఆ, సర్ట్‌బాట్‌తో సర్టిఫికెట్ తెచ్చి. మొదట్నుంచీ ఉంది. చెప్పలేదా?

కోనసీమ కోడర్
చెప్పలేదు. సీఎస్‌ఆర్‌ఎఫ్ అంటే ఫారం నీ సైట్ నుంచే వచ్చిందా అని జాంగో చూసే పరీక్ష. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ అంటోంది, నీ యాప్‌కి మాత్రం ఇంజిన్‌ఎక్స్ నుంచి మామూలు హెచ్‌టీటీపీగా వస్తోంది. రెండూ పొసగక జాంగో వద్దంటోంది. ఇంజిన్‌ఎక్స్‌లో హోస్ట్, ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్లు రెండూ పంపించు, సెట్టింగుల్లో సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ పెట్టు. సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో రాస్తే, జాంగో 4 నుంచి ముందు హెచ్‌టీటీపీఎస్ అని కూడా ఉండాలి, ఉత్త డొమైన్ పేరు ఒప్పుకోదు.

ఉండి కుర్రోడు
సరే అన్నా, మేత వేళయింది, మావయ్య కేకేస్తున్నారు. వచ్చి చూస్తా.

అత్తిలి అడ్మిన్
నాకూ ఇదే 13 వస్తోంది. కానీ సాకెట్ కాదు, 127.0.0.1కే. ఆల్మా లైనక్స్.

రాత్రి డ్యూటీ
అది సెలినక్స్, మామూలు పర్మిషన్ల మీద ఉండే ఇంకో కాపలా. వేరే పోస్ట్ పెట్టు. లాగ్‌తో.