అడవి, పొదల నేల, ఏటి గట్టు కలిపి 16 కిలోమీటర్లు: రూట్ ఎలా వేసుకోవాలి?

తారురోడ్డు_బాధితుడు

రెండేళ్లుగా రోడ్డు మీదే పరిగెడుతున్నాను. 10 కిలోమీటర్లు 58 నిమిషాల్లో అయిపోతుంది, గొప్పేం కాదు, నాకు చాలు. రోడ్డంటే విసుగొచ్చి పోయిన ఆదివారం మ్యాప్‌లో ఒక రౌండు గీసుకున్నాను. ముందు అడవి, తర్వాత హీత్ నేల (చెట్లు పెద్దగా ఉండవు, మోకాలెత్తు పొదలు, కింద ఇసుక), చివర్లో ఏటి గట్టు వెంబడి మొదలుపెట్టిన చోటికే. మొత్తం 16 కిలోమీటర్లు, నా లెక్కలో గంటా నలభై నిమిషాలు.

పట్టింది మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. అడవిలో రెండుసార్లు దారి తప్పాను. పొదల్లోకి వచ్చాక ఎటు చూసినా ఒకేలాంటి ఇసుక దారులే, ఏది మనదో తెలిస్తే ఒట్టు. ఏటి దగ్గర గట్టంతా బురద, సరే పోనీ అనుకుంటే నేను దాటాల్సిన కాలినడక వంతెనకు కంచె కట్టి మూసేశారు. వచ్చిన దారినే మూడు కిలోమీటర్లు వెనక్కి. అప్పటికి ఫోన్‌లో 9 శాతం ఛార్జింగ్, ఆ టెన్షన్ వేరే. ఇంటికొచ్చాక సిగ్గేసింది, అయినా మళ్ళీ వెళ్ళాలనే ఉంది.

మీరంతా రూట్ ఎలా వేస్తారు? పేస్ (పరుగు వేగం) ఇంతలా పడిపోవడం మామూలేనా, లేక నాలోనే ఏదైనా తేడానా? షూ మార్చాలా?

వేరు_తగిలిన_బొటనవేలు

తేడా మీలో లేదండి, నేలలో ఉంది. మెత్తటి పొడి ఇసుక మీద పరిగెడితే గట్టి నేల మీద కన్నా సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో ప్రయోగం చేసి తేల్చారు. కాలు దిగబడి జారిన ప్రతిసారీ పడ్డ శ్రమలో కొంత ఇసుకను కదిలించడానికే పోతుంది, మనల్ని ముందుకు తోయదు. రోడ్డు మీది పేస్ అక్కడ వెతుక్కుంటే దొరకదు.

ఎత్తు కూడా చూసుకోండి. కొండల్లో నడిచేవాళ్లకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. అది నడకకు చెప్పింది, పరిగెత్తేవాళ్లకు అంత పట్టదు, కానీ అందులో ఉన్న విషయం మనకూ పనికొస్తుంది: దూరం ఒక్కటే చూసి టైమ్ వేయకూడదు. నేనైతే కొత్త రూట్‌ను కిలోమీటర్లలో అనుకోను, "రెండు గంటల రూట్" అనుకుంటాను. వాచ్‌లో పేస్ కనిపించే స్క్రీన్ తీసేశాను. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ సిగ్నల్ అటూ ఇటూ తగిలి వస్తుంది కాబట్టి అది చూపే పేస్ ఎలాగూ నమ్మదగ్గది కాదు.

అడవిలో అడుగులు చిన్నవి వేయండి, చూపు పాదం దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. రాలిన ఆకుల కింద వేర్లుంటాయి, వాన పడ్డాక వేరు మీద అడ్డంగా కాలేస్తే సబ్బు మీద వేసినట్టే. నా పేరు ఊరికే రాలేదు.

గట్టు_వెంబడి

షూ సంగతి తర్వాత, ముందు వంతెన సంగతి. ఏటి పక్కన రౌండు గీయాలంటే దారి కాదు, వంతెనలు చూసి గీయాలి. అడవిలో ఒక దారి మూసుకుపోతే పక్క దారి ఉంటుంది, ఏటికి అలా కాదు, ఈ వంతెన పోతే మళ్ళీ వంతెన వచ్చేదాకా మీరు ఇవతలే. నేను ముందు మ్యాప్‌లో వంతెనలన్నిటికీ చుక్కలు పెట్టుకుంటాను, ఒక్క వంతెన మీదే ఆధారపడే రూట్ అయితే వదిలేస్తాను, లేదా ఒకే ఒడ్డున పోయి వెనక్కి వస్తాను. ఏరు మెలికలు తిరిగేచోట మ్యాప్‌లో రెండు కిలోమీటర్లలా కనిపించింది గట్టు మీద మూడు కావచ్చు, అదీ లెక్కేసుకోండి.

ఇంకోటి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన ఎక్కడో పడ్డ వాన కొన్ని గంటల తర్వాత మీ దగ్గరికి నీళ్లై వస్తుంది. దారి మీద నీళ్లు పారుతుంటే దిగొద్దు. వేగంగా పారే నీళ్లు చీలమండ దాటి కాస్త పైకుంటే చాలు, జానెడు లోతు కూడా అక్కర్లేదు, పెద్దమనిషిని పడేస్తాయి.

అందుకే నా సలహా: మీ రౌండును తిప్పేయండి. ఏరు మొదట, అడవి చివర. వంతెన మూసి ఉంటే మూడో కిలోమీటర్‌లోనే తెలుస్తుంది, కాళ్లు ఉడిగిపోయిన పన్నెండో కిలోమీటర్‌లో కాదు.

పొదల_మధ్య

పై ఆయన చెప్పింది సగం ఒప్పుకుంటాను. ఏరు మొదట, సరే. అడవి చివర మాత్రం పొద్దున పరుగుకే. సాయంత్రం వెళ్ళేవాళ్లు అలా చేస్తే దెబ్బతింటారు, ఎందుకంటే బయట ఇంకా వెలుతురుండగానే చెట్ల కింద చీకటి పడిపోతుంది, వేర్లు కనపడవు. సాయంత్రమైతే ఏరు, అడవి, ఆఖరున పొదల నేల. అక్కడ ఆకాశం తెరిచి ఉంటుంది, ఆఖరి వెలుతురు దాకా దారి కనిపిస్తుంది. మధ్యాహ్నం మాత్రం దాని జోలికి పోకండి, నీడ ఉండదు, గాలికి అడ్డం ఉండదు.

హీత్ నేల గురించి చాలామంది పట్టించుకోని విషయం, అది అంతా ఒకేలా ఉండదు. ఇసుక ఉన్నచోట వాన వెలిసిన కాసేపటికే నీరు ఇంకిపోతుంది, ఊరంతా బురదగా ఉన్న రోజు కూడా అక్కడ హాయిగా పరిగెత్తొచ్చు. కానీ పల్లంలో అడుగున పీట్ మట్టి (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి మట్టి) ఉంటే నీళ్లు నిలుస్తాయి, పైకి గడ్డి దుబ్బులు కనిపిస్తాయి, కాలేస్తే మోకాలి దాకా పోతుంది. మ్యాప్‌లో చిత్తడి గుర్తు ఉంటే చుట్టూ తిరిగి పోండి. అడ్డదారులు మనుషులు, పశువులు తొక్కగా తొక్కగా ఏర్పడినవి, అందుకే మీకన్నీ ఒకేలా కనిపించాయి. అక్కడ దారిని నమ్మకూడదు, దూరంగా ఒంటరి చెట్టో గుట్టో గుర్తు పెట్టుకుని దాని వైపు పోవాలి. పక్షులు నేల మీదే గూడు కట్టే కాలంలో, అంటే వసంతం నుంచి వేసవి దాకా, దారి దిగి పొదల్లోకి అసలు పోవద్దు. ఎండు కాలంలో నిప్పు రవ్వ పడినా తగలబడే నేల అది, పొగ కనిపిస్తే గాలి మంటను తోసే వైపు పోకుండా పక్కకు తప్పుకుని బయటపడి ఫోన్ చేయండి.

గోమార్లు (పశువులకు పట్టే పిడుదులు) కూడా ఉంటాయి. పొడవు సాక్సులు వేసుకోండి, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి. నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టడం లాంటి పాత చిట్కాలు వద్దు. కొన్ని ప్రాంతాల్లో వీటి కాటుతో లైమ్ వ్యాధి వస్తుంది. కుట్టిన 3 నుంచి 30 రోజుల్లో ఆ చోట ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి.

మడతల_మ్యాప్

నాది చిన్న మాట. ముందే మ్యాప్ దింపుకుని ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేయడం ఆగుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటివి వాలంటీర్లు గీసినవి, మంచివే, కానీ మ్యాప్‌లో గీత ఉందంటే అక్కడ మనం పోవచ్చని కాదు, ఇప్పటికీ దారి ఉందని కూడా కాదు. చెట్లు కొట్టే రోజుల్లో అడవి దారులు మూసేస్తారు.

ఒక విజిల్ పెట్టుకోండి. నిమిషంలో ఆరు ఊదులు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు, కొండల్లో సాయం కోరడానికి గుర్తు అదే. ఎవరో ఒకరికి ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికల్లా రావాలో చెప్పి వెళ్ళండి.

తారురోడ్డు_బాధితుడు

అందరికీ థాంక్స్, గోమార్ల మాట చదివి ఇప్పుడే కాళ్లు వెతుక్కున్నాను, ఏం లేవు. నేను వెళ్ళేది పొద్దునే కాబట్టి ఏరు, పొదలు, అడవి వరసలో గీస్తాను, రెండో వంతెన కూడా ఉందట, శనివారం నడుచుకుంటూ వెళ్లి చూసొస్తాను. షూ ఎవరూ చెప్పలేదు.

వేరు_తగిలిన_బొటనవేలు

అడుగున 4 నుంచి 5 మిల్లీమీటర్ల పళ్లున్నవి ఈ మూడిటికీ సరిపోతాయి. ఇంకా లోతు పళ్లవి బురదకు బాగుంటాయి గానీ గట్టి దారిలో గుచ్చుకుంటాయి, తొందరగా అరుగుతాయి. నీళ్లు లోపలికి రానివ్వని షూ మాత్రం ఏటి గట్టుకు కొనకండి, పైనుంచి ఒకసారి నీళ్లు పడ్డాయంటే బయటికి కూడా పోవు, రెండు బకెట్లు కట్టుకుని పరిగెత్తినట్టుంటుంది.

గట్టు_వెంబడి

ఆ రెండో వంతెన తెరిచే ఉందో లేదో శనివారం చూసొచ్చి ఇక్కడ రాయండి, వంతెన సంగతి తెలియకుండా ఆదివారం బయల్దేరొద్దు.